నేను మొక్కను కాను సార్

నిన్న పొద్దున పదకొండున్నరకు మా డాబా మీద ఒక పువ్వు విచ్చింది. మొక్క రూపాయి బిళ్లంత కూడా లేదు. పువ్వు మాత్రం దాదాపు మొక్కంత ఉంది. లేత గులాబీ రంగు. మంచి ఎండ ఉంటేనే విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది. దాన్ని చూస్తూ నేను నాలుగు రోజుల కింద క్లాసులో చేసిన తప్పు గురించి ఆలోచిస్తున్నాను. అదే ఈ వారం రాస్తున్నాను.

ముందు మొక్క సంగతి. దీని పేరు డ్రోసెరా పుల్కెల్లా. పిగ్మీ సన్‌డ్యూలు అనే చిట్టి మొక్కల్లో ఒకటి. ఆకు నిండా ఎర్రటి నూగు, ఒక్కో నూగు చివర జిగురు బొట్టు. సన్న దోమ వాలిందంటే ఇక లేవదు. ఆకు దాన్ని మెల్లగా అరిగించుకుంటుంది. ఈ పిగ్మీ రకాలు దాదాపు అన్నీ నైరుతి ఆస్ట్రేలియావే. అక్కడి ఇసుక నేలలో నత్రజని, భాస్వరం మరీ తక్కువ. వేరుకు దొరకని తిండిని ఆకు వెతుక్కుంటుంది.

మా కాలేజీలో బోటనీ చెప్పే మిత్రుడు డిసెంబర్‌లో తడి కాగితంలో మడిచి ఇరవై జెమ్మాలు ఇచ్చాడు. జెమ్మా అంటే విత్తనం కాదు. పగటి పొద్దు తగ్గి చలి మొదలైనప్పుడు మొక్క నడిమధ్యలో పుట్టే ఆవగింజలాంటి మొగ్గ. వాన చినుకు పడితే ఎగిరి పక్కన పడుతుంది, అక్కడే వేరు పెడుతుంది. పూడ్చకూడదు. తడిపిన టూత్‌పిక్ కొనతో అంటించుకుని మట్టి మీద పెట్టాలంతే. మొక్క చిన్నదైనా వేరు పొడుగు, అందుకని లీటర్ వాటర్ బాటిళ్ల మెడలు కోసి, అడుగున బొక్కలు పెట్టి, సగం పీట్, సగం బాగా కడిగిన ఇసుక నింపాను. మా బోరు నీళ్లకు బకెట్లే తెల్లగా తొరడ కడతాయి, ఆ ఉప్పు దీనికి విషం. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చి అడుగున పళ్లెంలో పోస్తున్నాను. రెండు వారాల్లో మొలిచాయి.

ఒక బాటిల్‌ను నా చేతులారా చంపాను. ఇంత బీద మట్టిలో ఏం బతుకుతుందిలే అని చిటికెడు డీఏపీ వేశాను. వారం తిరక్కుండానే మట్టి మీద పాచి కట్టింది, మొక్కలన్నీ నల్లబడి పోయాయి. సారం దాన్ని చంపింది.

ఇక తప్పు సంగతి. డిగ్రీ ఫైనలియర్ క్లాసులో ఈ మొక్క కథ చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి ఉంటుంది. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఆమెను చూపించి, "ఏమీ లేని నేలలో పూసే పువ్వు, మన పిల్లలు ఇట్లాంటి వాళ్లు" అన్నాను. క్లాసు చప్పట్లు కొట్టింది. ఆమె కొట్టలేదు. గంట అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చింది.

"నేను మొక్కను కాను సార్. నా స్కాలర్‌షిప్ రాలేదు. హాస్టల్ బాకీ కట్టకుంటే హాల్‌టికెట్ ఇవ్వరంట."

నాకు మాట పెగల్లేదు. నాకు పీహెచ్‌డీ వచ్చినప్పుడు ఊళ్లో సన్మానం చేశారు. బురదలో పుట్టిన తామర అని ఒక పెద్దమనిషి శాలువా కప్పాడు. బురద ఎవరు చేశారయ్యా అని అడగలేక పదేళ్లుగా ఆ మాట నాలో గుచ్చుకునే ఉంది. ఇప్పుడు నేను చేసిందేమిటి? తామర తీసేసి సన్‌డ్యూ పెట్టాను, అంతే.

మా తాతకు వచ్చిన లావణి పట్టా గుట్ట కింద గరుసు నేల. చెరువు కింది రేగడి ఎవరి చేతుల్లో ఉందో మీకు చెప్పనక్కర్లేదు. వానలు వెనకబట్టే కాలంలో మా చెలకలో, నీరు ఊరే చోట, ఎర్రటి బొట్టుబిళ్లల్లాంటి మొక్కలు నేలకు అతుక్కుని ఉండేవి. తాకితే వేలికి జిగురు. అవీ సన్‌డ్యూలేనని, డ్రోసెరా బర్మానీ మన దగ్గర సహజంగా పెరిగేదేనని ఎన్నో ఏళ్లకు తెలిసింది. ఒక ఎండాకాలం మా అమ్మా నాయనా చెరువు పూడిక మట్టి బండ్లకు బండ్లు తోలి ఆ చెలకలో పరిచారు. ఆ యేడు జొన్న నాకంటే ఎత్తు పెరిగింది. ఎర్ర బొట్లు మళ్లీ కనబడలేదు. అవి పోయినందుకు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. కడుపు నిండా తిన్నాం.

తేడా ఇక్కడే ఉంది. సారం పడితే సన్‌డ్యూ చస్తుంది, మనిషి లేచి నిలబడతాడు. నైరుతి ఆస్ట్రేలియా ఇసుక లక్షల ఏళ్ల వానలకు కడుక్కుపోయి బీదదైంది, అది ఎవరూ చేసింది కాదు. అదే నేల మీద నూంగార్ జనం భూమి లేనివాళ్లు కావడానికి మాత్రం తేదీ ఉంది. 1829లో బ్రిటిష్ వలస అక్కడ దిగింది, ఆ తర్వాత అడవి నరికి గోధుమ వేశారు. మన గరుసు నేలకూ తేదీలున్నాయి, సంతకాలున్నాయి. ఎవరి గుణానికి తగ్గ చోటు వాళ్లదనే వాదాన్ని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో కొట్టిపారేశాడు. పాఠం చెప్పే నేనే ఆ వాదానికి పువ్వు పెట్టి క్లాసులోకి తెచ్చాను.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మిమ్మల్ని ఎవరైనా రాళ్లలో పూసిన పువ్వు అని పొగిడితే నమస్కారం పెట్టండి. పెట్టి, ఫైలు ఏ బల్ల మీద ఆగిందో అడగండి.

మరునాడు క్లాసులో అందరి ముందు ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆమె ఒక్కతే కాదు, ఆ క్లాసులోనే స్కాలర్‌షిప్ రాని వాళ్లు పదకొండు మంది లేచి నిలబడ్డారు. పేర్లు రాసుకున్నాం. సోమవారం పదిన్నరకు అందరం కలిసి ప్రిన్సిపాల్ గదికి పోతున్నాం, అక్కడి నుంచి ఆఫీసుకు.

డాబా మీద ఇంకో మొగ్గ ఉంది. ఆ రోజే విచ్చుకునేట్టుంది. చూడ్డానికి నేను ఇంట్లో ఉండను.

జై భీమ్.