బ్యాండుకూ ఒక రోజు కావాలి

ఆగస్టు 15 అయినా జనవరి 26 అయినా పోర్ట్ బ్లెయిర్ నేతాజీ స్టేడియంలో కార్యక్రమం ఒకే వరసలో సాగుతుంది. (2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురమైంది గానీ పాత పేరు జనం నోట ఇంకా నడుస్తూనే ఉంది.) జెండా ఎగురుతుంది. లెఫ్టినెంట్ గవర్నరు గౌరవ వందనం స్వీకరిస్తారు. పోలీసులు, ఎన్‌సీసీ, స్కౌట్లు, బడిపిల్లల దళాలు వేదిక ముందు నుంచి ఒకటొకటిగా సాగిపోతాయి. ఆ అడుగులన్నిటినీ కలిపి నడిపించేది బ్యాండు. అయితే జనం చూపులూ చప్పట్లూ కదిలివెళ్ళే దళాల వెంటే పోతాయి. ఎంతో కాలం చెమటోడ్చి సాధన చేసిన బ్యాండు పిల్లలు ఆ పూటంతా ఇతరుల నడకకి ఆసరాగా నిలబడి, చివరికి తామూ నడిచి వెళ్ళిపోతారు. ఇందులో తప్పేమీ లేదు, కవాతులో బ్యాండు పనే అది. కానీ ఏడాదికి ఒక్క రోజైనా ఆ పిల్లలే ముఖ్యులై, వాళ్ళ వాద్యం వినడానికే, వాళ్ళ నడక చూడడానికే జనం వచ్చి కూర్చునే బడి బ్యాండ్ల పండగ అండమాన్ నికోబార్ దీవుల్లో ఉండాలని నా వాదన. పోటీ అనడం లేదు, పండగ అంటున్నాను. ఆ తేడాలోనే అసలు విషయం ఉంది.

ఇప్పుడు బడి బ్యాండుకి ఉన్న పెద్ద మెట్టు జాతీయ పాఠశాల బ్యాండ్ పోటీ. గణతంత్ర దినోత్సవాల్లో భాగంగా కేంద్ర రక్షణ శాఖ, విద్యా శాఖ కలిసి దీన్ని నడుపుతున్నాయి. బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు, వాటిలో మళ్ళీ బాలురకీ బాలికలకీ వేర్వేరుగా, మొత్తం నాలుగు విభాగాలు. ముందు రాష్ట్రంలోనో కేంద్రపాలిత ప్రాంతంలోనో నెగ్గాలి, తర్వాత జోన్‌లో నెగ్గాలి, ఆ తర్వాతే ఢిల్లీ. చివరికి దేశం మొత్తం మీద మిగిలేవి 16 జట్లు. ఈ పోటీ చేసిన మేలు చిన్నదేం కాదు. 2025 గణతంత్ర దినోత్సవాన కర్తవ్య పథ్‌లో రాష్ట్రపతి వేదిక ఎదుట వాయించిన బాలికల పైప్ బ్యాండు ఏ పేరుమోసిన కాన్వెంటుదీ కాదు. జార్ఖండ్‌లో తూర్పు సింగ్‌భూమ్ జిల్లా పటమదాలోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయానిది. పేదింటి ఆడపిల్లల కోసం పెట్టిన హాస్టలు బడి అది. అవకాశం ఇస్తే ఎక్కడి పిల్లలైనా ఎంత ఎత్తుకి వెళ్ళగలరో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. అయినా పోటీ అన్నాక వడపోత తప్పదు. దీవుల్లో ఆ వడపోత మరీ కఠినం. నెగ్గిన జట్టు సముద్రం దాటాలి. చెన్నైకైనా విశాఖకైనా ఓడ మీద రెండున్నర మూడు రోజుల దారి. విమానమెక్కితే రెండు గంటలే గానీ పాతిక ముప్పై మంది పిల్లల టికెట్లూ డ్రమ్ముల బరువూ లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది. సరే, నెగ్గినవాళ్ళకి ఆ భాగ్యమైనా ఉంది. డిగ్లీపూర్‌లోనో, రంగత్‌లోనో, కార్ నికోబార్‌లోనో మొదటి అంచెలోనే ఆగిపోయిన బడి సంగతేమిటి? ఆ డ్రమ్ములు బీరువాలోకి వెళితే మళ్ళీ ఏ జెండా పండగకో బయటికి రావాలి.

పోటీ లేకపోతే పిల్లలకి పట్టుదల ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. కేరళ పాఠశాల కళోత్సవాన్ని చూడండి. 1957లో మొదలైన ఆ ఉత్సవంలో బ్యాండ్ మేళం కూడా ఒక అంశం. అదీ పోటీయే, హోరాహోరీగానే జరుగుతుంది. కానీ కళాప్రతిభ, కళాతిలకం అనే బిరుదుల కోసం తల్లిదండ్రుల మధ్య తగవులు ముదిరి, చివరికి ఆ బిరుదులనే ఎత్తేయాల్సి వచ్చింది. ఇప్పుడు పిల్లలకి గ్రేడులిస్తున్నారు. దానివల్ల ఉత్సవం చప్పబడలేదు, జనం తగ్గలేదు. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళు ఏటా జరుపుకునే హైస్కూలు బ్యాండ్ ఉత్సవాల్లోనూ చాలాచోట్ల ఒకటి రెండు మూడు అని ర్యాంకులుండవు. ప్రతి బ్యాండు వాయింపునీ ఒక ప్రమాణంతో తూచి శ్రేణి ఇస్తారు, అన్నీ బాగా వాయిస్తే అన్నిటికీ మొదటి శ్రేణే. పిల్లలకి పట్టుదల పుట్టించేది పక్కవాణ్ణి ఓడించాలన్న కోరిక ఒక్కటే కాదు. తన ఊరి జనం ముందు, అమ్మానాన్నల ముందు, తనలాగే డ్రమ్ము మోసే మరో బడి పిల్లల ముందు తప్పు వాయించకూడదన్న బెరుకు అంతకన్నా ఎక్కువ పని చేయిస్తుంది.

అసలు బ్యాండు ఏం నేర్పుతుందో తెలియాలంటే వరస మలుపు తిరిగేటప్పుడు దగ్గరగా చూడాలి. అడ్డంగా అయిదుగురు నడుస్తున్నారనుకుందాం. లోపలి అంచున ఉన్న పిల్ల దాదాపు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంది. వెలుపలి అంచున ఉన్న పిల్లవాడు పెద్ద పెద్ద అంగలు వేస్తాడు. మధ్యవాళ్ళు ఎవరి చోటును బట్టి వాళ్ళు అడుగు కొలుచుకుంటారు. తల తిప్పకూడదు, కంటికొసతోనే పక్కవాళ్ళ భుజం చూసుకోవాలి. తిన్నగా నడిచేటప్పుడు అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. బాస్ డ్రమ్ము దెబ్బ ఎడమకాలితో పాటు పడాలి. బాకా ఊదేవాడికి ఇంకో కష్టముంది. అతను మడమ ముందు ఆనించి పాదాన్ని మెల్లగా దించాలి, లేకపోతే ఒళ్ళు అదిరి మౌత్‌పీస్ పళ్ళకి తగులుతుంది. ఇంతమందినీ నడిపించే పిల్లో పిల్లవాడో అందరికీ వీపు చూపిస్తూ ముందు నడుస్తారు. వాద్యం మోగుతుండగా వాళ్ళు నోరు తెరవరు, చేతిలోని పొడుగాటి కోలే మాట్లాడుతుంది. బయల్దేరడం, మలుపు తిరగడం, పాట ఆపడం అన్నీ కోల కదలికల్లోనే ఉంటాయి. తరగతి గదిలో చురుకైనవాడు ముందుకి దూసుకుపోతే మెచ్చుకుంటాం. బ్యాండులో ముందుకి పోయినవాడు వెనకబడినవాడంత చేటు. తాళాలు పట్టుకున్న పిల్ల ఎన్నో ఆవర్తాలు ఊరుకుని, సరిగ్గా తన వంతు వచ్చినప్పుడు ఒక్క దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ తప్పితే పాటంతా తప్పినట్టే. బడిలో ఇంతమంది పిల్లలు ఒకరికొకరు ఇంత అవసరమయ్యే పని మరొకటి నాకు కనిపించదు.

దీవులకి ఇది మరింత అవసరమనడానికి కారణం భాషలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 3,80,581 మంది. వందమందిలో బెంగాలీ వాళ్ళు సుమారు 28, హిందీ వాళ్ళు 19, తమిళులు 15, మన తెలుగువాళ్ళు 13, తర్వాత నికోబారీలు, మలయాళీలు. బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళ, తెలుగు మాధ్యమాలున్నాయి. ఎవరి భాషలో వాళ్ళ పిల్లలు చదువుకోవడం మంచిదే, అది పోకూడదు కూడా. కానీ నాటకమైనా వక్తృత్వమైనా పద్యమైనా ఏదో ఒక భాషలోనే ఉండాలి, పక్క భాష పిల్లలు ఊరికే చూస్తూ కూర్చోవాలి. డ్రమ్ముకి ఆ ఇబ్బంది లేదు. ఇక తెలుగువాళ్ళ సంగతి. జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడిన మన జాలర్లు, కూలిపనులకి ఓడెక్కినవాళ్ళు ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. అది తప్పెటగుళ్ళ సీమ. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, చేత్తో వాయిస్తూ ఎగురుతూ వలయాలు కట్టి విడిపోతూ, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడేదాకా వెళ్ళే ఆ కళలో నడకా వాద్యమూ ఎప్పుడూ విడిగా లేవు. వాయిస్తూ నడవడం, నడుస్తూ బారులు మార్చడం శ్రీకాకుళం వాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. నికోబారీలకి చర్చిలో గుంపుగా పాడే అలవాటు బలంగా ఉంది. ఈ పండగలో ప్రతి బ్యాండూ కవాతు బాణీతో పాటు తమ వాళ్ళ బాణీ ఒకటి వాయించాలని నియమం పెడితే, పక్కవాళ్ళ పాట పిల్లలకి చెవుల ద్వారానే పరిచయమవుతుంది. 2024 గణతంత్ర కవాతును ఢిల్లీలో మొదలుపెట్టింది శంఖాలు, నాదస్వరాలు, నగారాలు వాయించిన నూరుమంది మహిళలు. దేశం ఎదుట మన వాద్యాలు కవాతు నడిపించగా లేనిది బడిలో ఎందుకు నడిపించకూడదు?

బ్యాండు తెల్లవాళ్ళ పటాలాల నుంచి వచ్చిందన్నది ఇంకో అభ్యంతరం. సెల్యులార్ జైలున్న ఊళ్ళో, మన్యం రంప తిరుగుబాటుదార్లు శిక్ష అనుభవించిన నేల మీద ఆ మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అయితే దానికి జవాబు కూడా ఆ నేల మీదే ఉంది. 1943 డిసెంబరు 30న సుభాస్ చంద్రబోస్ త్రివర్ణ పతాకం ఎగరేసిన జింఖానా మైదానమే నేటి నేతాజీ స్టేడియం. ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్‌కి నడక పాట కట్టిన కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ కుర్రతనంలోనే బ్రిటిష్ గూర్ఖా పటాలం బ్యాండులో చేరి సంగీతం నేర్చుకున్నవాడు. ఏ విద్యతో తెల్లదొరల కోసం వాయించాడో ఆ విద్యతోనే వాళ్ళ మీదికి నడిచే సైన్యానికి బాణీ ఇచ్చాడు. ఆ పాట ఇవాళ భారత సైన్యం కవాతుల్లో మోగుతోంది. వాద్యం ఎవరిదన్నది కాదు, ఎవరి చేతిలో ఏం పలుకుతోందన్నదే లెక్క. వయొలిన్ ఎక్కడిది? విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడి చేతికి వచ్చాక దాన్ని పరాయిదని అన్నవారెవరు? పిల్లలకి సైనిక నడక ఎందుకనే వాళ్ళకి మాత్రం ఒక్క మాట: 1907లో అమెరికా పర్డ్యూ విశ్వవిద్యాలయం బ్యాండు కవాతు బారులు విడిచి మైదానం మీద ఒక అక్షరం ఆకారంలో నిలబడిన నాటి నుంచీ బడి బ్యాండు దారి సైన్యం దారి నుంచి వేరుపడుతూనే వచ్చింది. పండగ మైదానంలో పిల్లలు తాబేలు బొమ్మ కట్టినా, పడవ బొమ్మ కట్టినా వద్దనేవారుండరు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. విదేశీ ఉత్సవాల్లో బ్యాండు ముందు కర్ర తిప్పుతూ నడిచే అమ్మాయిలను చూసి, మన పిల్లలను ప్రదర్శనకి పెడతారా అని పెద్దలు వెనకాడతారు. దుస్తుల గురించి వాళ్ళ జంకు అర్థం చేసుకోదగ్గదే. సల్వార్ కమీజ్‌లో నడిచినా కర్ర అంతే చక్కగా తిరుగుతుంది, యూనిఫాం బడి చేతిలో పని. కానీ ఆ విద్యను తక్కువ చేయడానికి వీల్లేదు. గాల్లోకి విసిరిన కర్ర దిగేలోపు ఒళ్ళు తిప్పి, తాళం తప్పకుండా అందుకోవడం నెలల సాధన. కర్రసాము, కోలాటం ఉన్న మనకి అది వింతేమీ కాదు. ఇంకో మాట, ఆడపిల్లల్ని బ్యాండు ముందు అలంకారంగా నిలబెట్టి డ్రమ్ములన్నీ మగపిల్లల మెడలో వేసే పద్ధతి మాత్రం పనికిరాదు. బాస్ డ్రమ్మూ బాకా కోలా అన్నీ వాళ్ళవి కూడా.

ఖర్చు నిజమైన చిక్కు, దాటేయను. బ్యాండు వాద్యాలకి పేరుపడ్డ ఊరు మీరట్, అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. అంత దూరం నుంచి తెచ్చిన ఇత్తడి వాద్యం దీవుల ఉప్పుగాలికి చిలుం పడుతుంది. ఏడాదికి ఎనిమిది నెలలు వాన పడే చోట తోలు డ్రమ్ము వదులైపోతుంది. ఒక వాల్వు బిగుసుకుపోతే బాగుచేసేవాడి కోసం ఓడ ఎక్కాలి. బడి బ్యాండ్లు మూలపడేది చాలాసార్లు ఇలాంటి చిన్న రిపేర్ల దగ్గరే. అన్ని బ్యాండ్లూ ఏటా ఒకసారి ఒకచోట చేరితే, రెండు రోజుల పాటు ఒక మంచి పనివాణ్ణి పిలిపించి అందరి వాద్యాలూ ఒకేసారి చూపించుకోవచ్చు. నేర్పేవాళ్ళకీ కరువు లేదు. 2001 నుంచి దేశంలో త్రివిధ దళాలూ ఒకే కమాండ్ కింద ఉన్నది అండమాన్ నికోబార్‌లోనే, పోలీసులకీ సొంత బ్యాండుంది. పండగకి ముందు రెండు వారాలు వాళ్ళ వాద్యకారులు బడులకి వెళ్ళి నేర్పితే అది దీవులకి చేసే సేవే.

తేదీ కూడా వెతుక్కోనక్కర్లేదు, బోస్ జెండా ఎగరేసిన రోజే ఉంది. డిసెంబరు 30 నాటికి వానలు వెనకబడతాయి, సీబీఎస్ఈ బోర్డు పరీక్షలకి ఇంకా నెలన్నర వ్యవధి ఉంటుంది, కాబట్టి చదువు పాడవుతుందన్న భయం అక్కర్లేదు. చోటు నేతాజీ స్టేడియమే. డిగ్లీపూర్ నుంచి వచ్చే పిల్లలకి ట్రంక్ రోడ్డు మీద జారవా తెగవాళ్ళ అడవి గుండా వాహనాలు గుంపుగా వెళ్ళే కాన్వాయ్ వేళలు చూసుకోవాలి, కార్ నికోబార్ నుంచి వచ్చేవాళ్ళకి ఓడలో చోటు ముందే పట్టి ఉంచాలి. ఈ రెండూ విద్యాశాఖ, నౌకాయాన శాఖ కలిసి ఒక ఉత్తరంతో తేల్చగల పనులు. పిల్లలకి రెండు రాత్రుల బస, భోజనం మన తెలుగు సంఘాలు, బెంగాలీ, తమిళ, మలయాళీ సంఘాలు తలా కొంత పంచుకుంటే బరువు కాదు. ఏ సంఘం తన భాష పిల్లలకి మాత్రమే అన్నం పెడతానని అనకుండా, పక్క భాష పిల్లల్ని తీసుకుంటే ఇంకా మంచిది. మొదటి ఏడాది అయిదారు బ్యాండ్లు వచ్చినా చాలు. ప్రధానోపాధ్యాయులారా, ఈ జనవరి 26 అయ్యాక డ్రమ్ములు బీరువాలో పెట్టించకండి. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకి మైదానం వదిలిపెట్టండి. తల్లిదండ్రులారా, ఆ చప్పుడు కొన్నాళ్ళు ఓర్చుకోండి.