ఎండిన నేల మీద రెండో పందెం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కునుకు తీయకూడదు. పాతిక కిలోమీటర్లు వెళ్లేసరికి రోడ్డు పక్కన రాళ్లు లేచి నిలబడతాయి. ఏనుగు వీపులా ఒకటి, పుట్టగొడుగులా ఇంకొకటి, ఎవరో పేర్చి మధ్యలో వదిలేసినట్టు మరికొన్ని. అదే ఓర్వకల్లు! ఊరి పేరు చివరున్న ‘కల్లు’ తాగేది కాదు, రాయి. గుంతకల్లులో ఉన్నదీ ఆ కల్లే. పర్యాటక శాఖవారు ఈ రాళ్ల మధ్య బాటలు వేసి, పడవలు తిప్పి రాక్ గార్డెన్ చేశారు. సినిమావాళ్లకూ ఈ రాళ్లంటే మహా ఇష్టం.

రాళ్లు దాటితే మెట్ట పొలాలు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన. అదీ కావలసినప్పుడు రాదు. జూన్‌లో నాలుగు చినుకులు పడి పదునైతే రైతు విత్తనం వేస్తాడు. అది మొదటి పందెం. ఆ తర్వాత మబ్బు మొహం చాటేస్తుంది. మొలక వాడుతుంది. ఇంకా డబ్బు పెట్టాలా, ఇంతటితో వదులుకోవాలా?

చిత్రమేమిటంటే, ఇదే ప్రశ్న మీద పేకముక్కల లోకంలో పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. పోకర్ ఆటగాళ్లు దాన్ని ‘కంటిన్యుయేషన్ బెట్’ అంటారు. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు. ఒకడు ముందే ధైర్యంగా పందెం పెంచుతాడు. తర్వాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. ఇస్పేటు రాజు, ఆఠీన్ ఏడు, కళావరు రెండు పడ్డాయనుకోండి. రంగు కలవదు, వరస కుదరదు. ఇదే ‘డ్రై ఫ్లాప్’... ఎండిన బల్ల! జత లేని రెండు ముక్కలు పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో కనీసం ఒక జత కలిసేది మూడుసార్లలో దాదాపు ఒక్కసారే. అంటే ఎదుటివాడికీ ఏమీ తగలకపోయే అవకాశమే ఎక్కువ. అందుకని మొదట పెంచినవాడు, తన చేతిలో ఏమీ లేకపోయినా, మళ్లీ పందెం వేస్తాడు. బల్ల మీద మూడు వందలుంటే వంద చాలు. నాలుగుసార్లలో ఒక్కసారి ఎదుటివాడు ముక్కలు పారేసినా పెట్టింది తిరిగొచ్చేస్తుంది. అంతకు మించి ఎన్నిసార్లు పారేస్తే అంత లాభం.

వినడానికి బాగుంది కదా! కానీ ఆ లెక్క ఒక్కడే ఎదురున్నప్పటిది. ముగ్గురుంటే? ముగ్గురికీ ఏమీ తగలకపోవడం వందలో ముప్ఫైసార్లకు మించదు. పైగా కొందరు ఏం పడినా పారేయరు, చివరిదాకా చూస్తామంటారు. అలాంటివాళ్ల మీద బెదిరింపు పనిచేయదని ఆరితేరిన ఆటగాళ్లే చెబుతారు. క్యాష్ గేమ్‌లో ఇంకో చిక్కుంది. టోర్నమెంటులో ఉన్నవి పోతే లేచి వెళ్లిపోవాల్సిందే. ఇక్కడ జేబులోంచి తీసి మళ్లీ కూర్చోవచ్చు. ఆటను ఆపాల్సింది ఆటగాడే.

మన పల్లెల్లో పోకర్ ఎవరికి తెలుసు? తెలిసిందల్లా రమ్మీ, మూడు ముక్కలాట. ‘పేకాట స్థావరంపై దాడి’ అన్న వార్త లేకుండా జిల్లా పేజీకి నిండుదనమే రాదు. ఈ రెండింటి తేడాను తేల్చిన కేసు కూడా మన రాష్ట్రానిదే. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్ మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యమనీ, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమనీ. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి, ఇంటింటా బల్ల వేశాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టంతో ఆ నిషేధం దేశమంతటికీ వర్తించేలా నిర్ణయమైంది.

మళ్లీ ఓర్వకల్లు పొలాల్లోకి వద్దాం. ఇక్కడి రెండో పందెం పేరు బోరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి వస్తాడు. కాయ నిక్కిన చోట గుర్తు పెడతారు. బోరు లారీ రాత్రంతా గర్జిస్తుంది. అడుగు అడుగుకీ లెక్క. రెండొందల అడుగుల్లో తెల్లటి దుమ్ము, నాలుగొందల్లోనూ దుమ్మే. ‘ఇంకో యాభై అడుగులు పోనీ’ అంటాడు రైతు. ఇంతదాకా పెట్టిందంతా పోతుందన్న భయమే ఆ మాట అనిపిస్తుంది. పోకర్ ఆటగాడి లెక్క ఇక్కడ ఎందుకు పారదంటే, అవతల కూర్చున్నది మనిషి కాదు. రాయి బెదరదు, ముక్కలు పారేసి లేచిపోదు. వాన, ధర, వడ్డీ... ఎదురున్నవాళ్లు ముగ్గురు! ఒక బోరు ఎండితే రెండోది, రెండోదీ ఎండితే భార్య మెడలోది కుదువ. రాయలసీమలో ఈ వరస తెలియని ఊరుండదు.

ఈ మండలంలోనే శకునాల అని ఓ ఊరుంది. పందెం రాయుళ్లకు భలే పేరు! ఆ పేరుకు తగ్గట్టు కాదుగానీ, శకునాల, గని ప్రాంతంలో నేల మరో రకంగా పండింది. ఇక్కడ 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుకు ఎండే పెట్టుబడి. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయమూ ఓర్వకల్లులోనే మొదలైంది.

వాటికన్నా ముందే ఈ ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఆడవాళ్లు. 1990ల నడుమ రోజుకో రూపాయి లెక్కన కూడబెట్టడం మొదలుపెట్టారు. చిన్న చిన్న గుంపులు మండలమంతా పాకి పొదుపులక్ష్మి ఐక్య సంఘమయ్యాయి. అప్పు ఎంత, ఎందుకు, ఎప్పుడు తీరుస్తావు అన్నది పదిమంది ముందు తేలాలి. నాలుగో బోరుకు డబ్బు అడిగే మగవాడికి ఇది వడ్డీ వ్యాపారి గుమ్మం కన్నా కష్టమైన చోటు! ఆ సంఘమే పిల్లల కోసం బాలభారతి బడిని కూడా పెట్టింది.

రాష్ట్రంలో నీటి కుంటల తవ్వకానికి 2025 మార్చిలో శ్రీకారం చుట్టింది కూడా ఈ మండలంలోని పూడిచెర్లలోనే. పొలం మూలన గొయ్యి, పడిన వాన అందులోకి... అంతే. అయిదొందల అడుగుల లోతుకు వెళ్లి వెతకడం కన్నా, పడిన చినుకును పట్టుకోవడం చవక.

నీళ్లను కళ్లారా చూడాలంటే మాత్రం రాక్ గార్డెన్ నుంచి కాల్వబుగ్గకు వెళ్లాలి. ఇన్ని బోర్లు ఎండిన మండలంలోనే రామేశ్వరాలయం పక్కన బుగ్గ ఊరుతూ ఉంటుంది. ఎవరూ తవ్వలేదు. కార్తీకంలో జనం బాగా వస్తారు. చేతిలో మరచెంబు ఉంటే మేలు.