కాగితం మీద జాతిరాళ్ళు

మా ఇంట్లో ఊడ్చిన దుమ్మును ఎప్పుడూ బయట పారబోసేవాళ్ళం కాదు. బందరు పక్క చిలకలపూడిలో, నాన్న పని చేసుకునే వసారా ఊడ్చాక ఆ దుమ్మంతా చేటలోకి ఎత్తి అమ్మ మెల్లగా చెరిగేది. మట్టి ఎగిరిపోగా చేట అడుగున ఆవగింజలంత ఎర్రరాళ్ళు, పచ్చరాళ్ళు, తెల్లరాళ్ళు మిగిలేవి. నేనూ తమ్ముడూ వాటిని రంగుల వారీగా ఏరి అగ్గిపెట్టెల్లో వేసేవాళ్ళం. బళ్ళో డ్రాయింగు మాస్టారు చెప్పకముందే, ఎరుపులో ఎన్ని ఎరుపులుంటాయో నాకు తెలిసింది అక్కడే.

నాన్నది రోల్డుగోల్డు నగలకు రాళ్ళు పొదిగే పని. నగను లక్క మీద అదిమి, గూట్లో మెరిసే రేకు ముక్క వేసి, పైన రాయి కూర్చి, చుట్టూ అంచు నొక్కేవాడు. ఒకప్పుడు గోల్కొండ వజ్రాలు మా బందరు రేవులోనూ ఓడలెక్కేవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. అదంతా 17వ శతాబ్దపు మాట. నేను పుట్టేనాటికి ఆ రేవు పక్కన మిగిలింది గాజురాయి, గిల్టు పూత, వాటి మీద బతికే మా బోటి కుటుంబాలు.

అసలు రాయిని మావైపు జాతిరాయి అంటారు. ఏటా ఉగాదికి కొన్న పంచాంగంలో ఏ నక్షత్రానికి ఏ రాయో పట్టిక ఉండేది. నాన్నది అనూరాధ, శని నక్షత్రం, నీలం. అమ్మది భరణి, వజ్రం. తమ్ముడిది మఖ, వైడూర్యం. నాది రేవతి, పచ్చ. ఎవరి రాయి ఏదో ఇంట్లో అందరికీ నోటికొచ్చు. ఎవరి వేలికీ ఆ రాయి లేదు.

1984లో నాన్నకు ఏలినాటి శని నడుస్తోంది. పని తగ్గింది, అప్పు పెరిగింది. నీలం పెట్టుకుంటే కలిసొస్తుందని పెద్దవాళ్ళు పదే పదే చెప్పడంతో, నాన్న బెజవాడ వెళ్ళి ఒక రంగురాళ్ళ దుకాణంలో అడ్వాన్సు కట్టి నీలం తెచ్చాడు. అది మా రెండు నెలల సంపాదన. రాయి చిన్న కాగితప్పొట్లంలో అంటించి ఉంది. శనివారం దాకా విప్పొద్దన్నారట. నీలం అందరికీ పడదు కాబట్టి ముందు మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి, పీడకలలు రాకపోతేనే ఉంగరం చేయించుకోవాలి. ఇది ఇప్పటికీ ఉన్న ఆచారమే.

రెండు రాత్రులు ఏ కలా రాలేదు. మూడో రాత్రి నాన్న నిద్రే పోలేదు. నాకు మెలకువ వచ్చి చూస్తే వసారాలో దీపం వెలుగుతోంది. కంటికి భూతద్దం పెట్టుకుని రాయిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నన్ను పిలిచి చూపించాడు. నీలం లోపల లేత గీతలు, వంకీ తిరిగినట్టు, ఒకదాని వెనక ఒకటి.

"భూమిలో పెరిగిన రాయిలో గీతలు తిన్నగా ఉంటాయమ్మాయీ. ఇలా వంపు తిరిగితే అది మంటలో చేసింది. ఇలాంటివి నేనే రోజుకు వంద పొదుగుతాను."

మర్నాడు వెళ్ళి తిరిగి ఇచ్చేశాడు. అడ్వాన్సు రాలేదు. ఆ తర్వాత నీలం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు నేను డ్రాయింగు హయ్యర్ పరీక్షకు తయారవుతున్నాను. ఆ వారమే అరచేయంత నీలం ఒకటి కాగితం మీద వేశాను. కేమెల్ రంగుబిళ్ళల్లోని రెండు నీలాలు కలిపి, పలకలు స్కేలుతో గీసి, లోపలంతా ఒకే రంగు నింపాను. నాన్నకు కోపం తెప్పించకూడదని భయపడుతూనే చూపించాను. చాలాసేపు చూశాడు. "రంగు బాగుంది. రాయి మాత్రం చచ్చిపోయింది" అన్నాడు. రాయి రంగు మన కంటికి ఆనేది లోపలికెళ్ళిన వెలుగు తిరిగొచ్చినప్పుడేననీ, రేకు వేసేది అందుకేననీ, వెలుగు తిరిగిరాని పలక నల్లగా ఉంటుందనీ, ఆ నలుపు పక్కనున్న పలకే అన్నిటికన్నా తెల్లగా మెరుస్తుందనీ చెప్పాడు. రెండోసారి వేసినప్పుడు సగం పలకలకు దాదాపు నలుపే పెట్టాను. మూడుచోట్ల కాగితాన్ని కాగితంగానే వదిలేశాను. నాన్న ఆ బొమ్మను తన పనిబల్ల పైన గోడకు అంటించుకున్నాడు. నేను చిత్రకళలో నేర్చుకున్న వాటిలో ఇంతకన్నా పనికొచ్చిన పాఠం ఇంకొకటి లేదు.

పెళ్ళయి విజయవాడ వచ్చాక ఇంట్లోవాళ్ళ రాళ్ళన్నీ వెయ్యాలనుకున్నాను. గుళ్ళో నవగ్రహ మంటపం ఎలా ఉంటుందో అలాగే గోడమీద అమర్చాలని ఆలోచన. మధ్యలో సూర్యుడి కెంపు, తూర్పున శుక్రుడి వజ్రం, ఆగ్నేయాన చంద్రుడి ముత్యం, దక్షిణాన కుజుడి పగడం, నైరుతిలో రాహువు గోమేధికం, పడమట శని నీలం, వాయవ్యాన కేతువు వైడూర్యం, ఉత్తరాన గురువు పుష్యరాగం, ఈశాన్యాన బుధుడి పచ్చ. నవరత్నాల ఉంగరంలోనూ ఇదే వరస. మావారిది కృత్తిక కాబట్టి కెంపుతో మొదలుపెట్టాను. సూర్యుడి రాయి, అధికారానికీ ఆత్మబలానికీ గుర్తంటారు. అది 1990. మంచి రంగు కావాలని ఖరీదైన అలిజరిన్ క్రిమ్సన్ ట్యూబు కొన్నాను. బొమ్మ నిజంగా రగిలే నిప్పులా వచ్చింది. ముందు గదిలో తూర్పు కిటికీకి ఎదురుగా వేలాడదీశాం.

నాలుగైదేళ్ళకు అది వెలిసిపోయింది. ముందు గులాబీ రంగయింది, తర్వాత ఉతికి ఉతికి పాతబడ్డ రవికలా అయింది. అలిజరిన్ ఎండకు నిలవదని అప్పటికి నాకు తెలియదు. సూర్యుడి రాయిని సూర్యుడే తినేశాడని ఇంట్లో అందరం బాధపడ్డాం. చూడవచ్చిన నాన్న జేబులోంచి పొట్లం తీసి, తాను పొదిగే ఎర్రరాయి ఒకటి ఆ బొమ్మ పక్కన పెట్టాడు. "ఇది నూరేళ్ళు ఎండలో పెట్టినా వెలవదు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను రాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. 1902లో వెర్నూయి అనే ఫ్రెంచి రసాయనవేత్త కెంపును మంటలో తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడు పొడిలో కాస్త క్రోమియం కలిపి, మండే వాయువుల గుండా రాలిస్తే అది కరిగి, బొట్టు బొట్టుగా పేరుకుని, కొన్ని గంటల్లో కడ్డీలా పెరుగుతుంది. అలా పేరుకున్న పొరలే నాన్న చూపిన వంపు గీతలు. భూమిలో దొరికే కెంపు కూడా అదే అల్యూమినియం ఆక్సైడు, అదే క్రోమియం. క్రోమియం బదులు ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. తిరుచిరాపల్లిలో ఇలాంటి రాళ్ళకు సానపట్టే పని ఇంటింటి పరిశ్రమగా సాగింది. చేట అడుగున మేము ఏరిన ఎర్రరాళ్ళలో గాజువి పోగా మిగిలినవి, పదార్థం మాటకొస్తే, రాణుల మెడలోని కెంపులే. పుట్టిన చోటు వేరు, పట్టిన కాలం వేరు. ధరంతా ఆ రెంటిదే. నాన్నకు ఇది చదివి వినిపిస్తే తలూపి, మళ్ళీ పనిలో పడ్డాడు.

కెంపును వెలవని రంగుతో మళ్ళీ వేశాను. మిగతావి తీరిక దొరికినప్పుడల్లా, ఏళ్ళ తరబడి. అత్తగారిది రోహిణి, ముత్యం. దానికి తెల్లరంగు ముట్టుకోలేదు. బూడిద, లేత గులాబీ, అంచున కాస్త పసుపు, అంతే. తమ్ముడి వైడూర్యంలో పిల్లికన్ను గీత కోసం తేనెరంగు ఆరాక తడి కుంచెతో ఒక్కసారి తుడిచాను. అమ్మాయిది పునర్వసు, పుష్యరాగం. అల్లుడిది స్వాతి, గోమేధికం.

నా పచ్చ మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఎన్నిసార్లు వేసినా ఆకు రంగే వచ్చేది, రాయి రంగు వచ్చేది కాదు. జమ్మూ కొండల్లో బసోలీ చిత్రకారులు తమ బొమ్మల్లోని నగలకు పచ్చలు చూపించాల్సి వస్తే, జీరంగి లాంటి పురుగుల రెక్కల్ని ముక్కలు చేసి అంటించేవారని చదివాక నా చిన్నతనం గుర్తొచ్చింది. వానలు పడగానే తుమ్మచెట్ల మీద జీరంగుల్ని పట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్ళమే మేమంతా. ఆ రెక్క పచ్చలో నీలం ఉంటుంది, పక్కకు తిప్పితే రాగి మెరుపు ఉంటుంది. ఆ జ్ఞాపకం పెట్టుకుని వేస్తే పచ్చ కుదిరింది. బుధుడిది వాక్కు, బుద్ధి అంటారు. నా బుద్ధికి రాయి అందింది పురుగు రెక్క పుణ్యానే.

నాన్న 2003లో పోయాడు, అమ్మ 2017లో. అమ్మ దుద్దులు నాకొచ్చాయి. ఏడేసి తెల్లరాళ్ళు, నాన్న పొదిగినవే. అమెరికన్ డైమండ్లంటూ మావాళ్ళు పిలిచే ఈ రాళ్ళను పెద్దయెత్తున పెంచే పద్ధతిని కనిపెట్టింది 1970ల నాటి సోవియట్ శాస్త్రవేత్తలు. వజ్రం వెయ్యకముందు ఒక్కసారైనా పెద్ద జాతివజ్రాన్ని దగ్గరగా చూడాలనిపించింది. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో నిజాం నగలు ప్రదర్శనకు పెడితే వెళ్ళాను. 173 నగలు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నవి. వాటిలో జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. దక్షిణాఫ్రికా గనిలో దొరికిన ఆ రాయిని ఏడో నిజాం బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవాడు.

గాజు పెట్టె ముందు నిలబడగలిగినంతసేపూ నిలబడ్డాను. నా చెవులకు అమ్మ దుద్దులున్నాయి. వజ్రం వెలుగు తెల్లగా, నిలకడగా ఉంది. రంగులున్నాయి కానీ పొదుపుగా ఉన్నాయి. బయటికొచ్చి ఎండలో దుద్దు తీసి తిప్పితే ఎరుపు, నారింజ, ఊదా జల్లున చిమ్మాయి. వెలుగును రంగులుగా విడదీయడంలో అమెరికన్ డైమండ్ వజ్రాన్ని మించుతుంది. ఆ అతి మెరుపే దాన్ని పట్టిస్తుంది. ఇంటికొచ్చి వజ్రం గడిలో అమ్మ దుద్దునే వేశాను. అమ్మ వజ్రం అదే. ఈ విషయంలో నన్నెవరూ ఒప్పించలేరు.

గోడమీద ఎనిమిది నిండాయి. దక్షిణాన పగడం గడి ఖాళీ. 2022 వేసవిలో న్యూజెర్సీ నుంచి మనవరాలు వచ్చింది. అక్టోబరు పిల్ల, పదో ఏడు నడుస్తోంది. గోడ చూసి, "అమ్మమ్మా, నా రాయి ఓపల్ కదా, అది లేదేం? నీది సెప్టెంబరు, నీకు నీలం ఉండాలి" అంది. ఓపల్ అంటే ఆశ, నీలం అంటే నమ్మకం అని బళ్ళో నేర్చుకుందట. పుట్టిన నెలను బట్టి రాయి చెప్పే ఆ పట్టిక సంగతి దానికి చెప్పాను. బైబిల్లో ప్రధాన యాజకుడి వక్షపతకం మీది పన్నెండు రాళ్ళ దాకా ఆ నమ్మకానికి మూలాలున్నా, ఇప్పుడు చలామణీలో ఉన్న జాబితాను 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం కాన్సాస్ సిటీలో సమావేశమై ఖాయం చేసింది. తర్వాత కూడా మార్పులు జరిగాయి. 1967లో టాంజానియాలో బయటపడిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరుకు చేర్చారు.

"మరి మన పట్టిక?"

"మనది నెలను చూడదమ్మా. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూస్తుంది. నీది మృగశిర. నీకు పగడం. ధైర్యానికి గుర్తు."

పగడం వాళ్ళ పట్టికలో లేదు. ఓపల్ మన నవరత్నాల్లో లేదు. పిల్ల దిగులుగా చూసింది, రెండిట్లో ఒకటి వదులుకోవాలేమోనని. వదులుకోవద్దన్నాను. రాయి పెట్టుకుంటే గ్రహం పక్కకు జరుగుతుందని నేను దానికి చెప్పలేదు, చెప్పను కూడా. మూడో రాత్రి మెలకువగా ఉన్న మా నాన్న కథ చెప్పాను.

ఆ సెలవుల్లో ఇద్దరం కలిసి పగడం వేశాం. పగడం రాయి కాదనీ, సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడనీ, ముత్యమూ అదీ ఒకే సున్నపు జాతి అనీ చెబితే దాని కళ్ళు పెద్దవయ్యాయి. వెలుగు లోపలికి వెళ్ళదు కాబట్టి ఇక్కడ నలుపు పలకలతో పనిలేదు. చిక్కటి ఎరుపు, పైన ఒక్క తెల్లచుక్క. వెనక వైపు నీటిలాంటి లేత పూతలో ఓపల్ రంగులు అది తనే అద్దింది. ఓపల్‌లో నిజంగానే కాస్త నీరుంటుంది, ఎండిపోతే పగుళ్ళివ్వొచ్చు.

వెళ్ళేటప్పుడు ఆ బొమ్మ తనకే కావాలంది, ఇచ్చేశాను. అట్ట వెనక మృగశిర అని తెలుగులో రాసి, కింద అక్టోబరు అని రాశాను. కిటికీ లేని గోడకు వేలాడదీయమని వాళ్ళమ్మకు రెండుసార్లు చెప్పాను. న్యూజెర్సీలో ఆ బొమ్మ ఇప్పుడు మెట్ల పక్క గోడమీద ఉంది. మా ఇంట్లో దక్షిణపు గడి ఖాళీగానే ఉంది.