మట్టి చట్టి, నల్ల పలక

మా పలమనేరు పేరు చెబితే చాలామందికి గుర్తుకొచ్చేవి టెర్రకోట బొమ్మలు, కుండలు. అందుకే బెంగుళూరులో కాపురం పెట్టిన మా అమ్మాయికి సారెతోపాటు రెండు మట్టి చట్టీలు కూడా ఇచ్చి పంపాను. నెల తిరక్కుండానే ఫోను! "అమ్మా, ఈ అద్దింట్లో ఉండేది ఇండక్షన్ స్టవ్వే. చట్టి పెడితే వేడే ఎక్కదు. ఎవరికైనా ఇచ్చేసేదా?"

నా ప్రాణం ఉసూరుమంది. ఇండక్షన్ స్టవ్‌లో మంట ఉండదు కదా, లోపలి తీగచుట్ట అయస్కాంత శక్తితో ఇనుప గిన్నెనే వేడెక్కిస్తుంది. మట్టికి ఆ గుణం లేదు. అది చట్టి తప్పు కాదు!

తమాషా ఏమిటంటే, ఆ స్టవ్ పైనుండే నల్ల పలక కూడా చట్టికి దూరపు చుట్టమే. చూడ్డానికి గాజులా ఉన్నా చాలా స్టవ్‌లలో అది గ్లాస్ సెరామిక్. 1953లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రజ్ఞుడు ఒక గాజు ముక్కను 600 డిగ్రీల వేడికని కొలిమిలో పెడితే, కొలిమి అదుపు తప్పి 900 డిగ్రీలకు పోయిందట. బయటికి తీస్తుంటే ముక్క జారి కింద పడింది, కానీ పగల్లేదు! ఆ దారిలోనే వేడికి దాదాపు వ్యాకోచించని రకాలు వచ్చాయి. మామూలు గాజు గ్లాసులో మరిగే కాఫీ పోస్తే లోపలి వైపు ఉబ్బుతుంది, బయటి వైపు ఉబ్బదు. ఆ పెనుగులాటకే టప్పున పగులుతుంది. ఈ పలకకు ఆ బాధ చాలా తక్కువ.

మరి చట్టి సెగకు ఎలా ఓర్చుకుంటుంది? ఇసుక కలిపి కాల్చిన మట్టిలో సన్నటి రంధ్రాలుంటాయి. చిన్న పగులు పుట్టినా వాటి దగ్గర ఆగిపోతుంది. పైగా మట్టిలో వేడి మెల్లగా పాకుతుంది. అందుకే దించాక కూడా చేపల పులుసు కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. ఇదంతా విన్నాక మా అమ్మాయి ఒంటి బర్నరు గ్యాస్ స్టవ్ కొనుక్కుంది. ఆదివారం పులుసు చట్టిలోనే!

మీరూ చట్టి కొంటే ఇవి గుర్తుంచుకోండి. కొత్తదాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, గంజి కాచి పారబోయండి. మొదట సన్న సెగ, ఆ తర్వాతే పెద్ద మంట. వేడి చట్టిలో చన్నీళ్ళు పోయకండి, దించి తడి బండమీద పెట్టకండి. మెరిసే రంగు పూతల్లో సీసం ఉండొచ్చు కాబట్టి వంటకు పూత లేనిదే మంచిది. ఇంతమాత్రం జాగ్రత్త పడితే ఒక్క చట్టి ఏళ్ళ తరబడి వస్తుంది, దాన్ని చేసిన కుమ్మరి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది.