రుద్రమ్మ చేతికి ఏ కత్తి?

ఏం వదినా, పొద్దున్నుంచీ మీ దొడ్లో ఒకటే రంపం చప్పుడు! అన్నయ్యగారు మంచం కోళ్లు గాని కోసేస్తున్నారా అనుకున్నాను. చిన్నదానికి కత్తా? స్కూలు వార్షికోత్సవంలో రుద్రమదేవి వేషమా! భలే. ఆ కళ్లకీ ఆ పొగరుకీ సరిగ్గా సరిపోయింది.

అది సరేగాని, ఆయన చేతిలో ఉన్నదేమిటి, రేకా? అమ్మో, ముందు అది అవతల పెట్టించు. షెడ్డు వేయగా మిగిలిన ముక్క కదూ. ఎంత ఆకురాయి పెట్టినా అంచున ఎక్కడో ఓ చోట ముల్లు లేచే ఉంటుంది. స్టేజీ మీద రెండు నిమిషాలు జాగ్రత్తగానే ఉంటారులే, తెర వెనక గంటసేపు ఒకళ్లనొకళ్లు పొడుచుకోకుండా ఉంటారా? వెదురుబద్ద కూడా వద్దు. తగిలితే నిలువునా చీలుతుంది, ఆ పేడు అరచేతిలో దిగిందంటే సూదితో తీసేసరికి పిల్లదాని ఏడుపు వీధి చివరికి వినపడుతుంది.

థర్మోకోలా? తేలిగ్గా ఉంటుంది, కాదనను. కానీ చెప్పులు అతికించే గమ్ము గాని రాశావో, తినేసి గుంటలు పెడుతుంది. స్ప్రే డబ్బా రంగు కొట్టినా అంతే. ఫెవికాల్, నీళ్లతో కలిపే రంగులు అయితేనే అది నిలిచేది. పైగా కోసిన చోటల్లా పూసలు రాలి ఇల్లంతా తిరుగుతాయి. నాకు చిరాకు బాబూ.

ఫోమ్ షీటు తెప్పించు. పిల్లల గదుల్లో నేలమీద ఒకదాన్నొకటి తగిలించి పరుస్తారు చూడు, రంగురంగుల పలకలు, ఆ సరుకే. ఈవీఏ అంటారు. సెంటీమీటరు మందంది రెండు ముక్కలు కత్తి ఆకారంలో కోసి, మధ్యలో కరెంటు తీగలు దూర్చే సన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి అతికిస్తే వంగకుండా నిలబడుతుంది. అన్నయ్యగారికి ఒక్క మాట గట్టిగా చెప్పు. ఆ గొట్టం మొన దాకా పోకూడదు. మూడు అంగుళాల ముందే ఆపాలి, దాని నోట్లో గుడ్డపీలిక కూరి టేపు చుట్టాలి. అక్కణ్నుంచి చివరి దాకా ఉత్త మెత్తటి ఫోమే ఉండాలి. లేకపోతే పైకి మెత్తగా కనిపిస్తూ లోపలి గొట్టం ఓ రోజు ఫోమ్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. కన్ను పోయేది అలాంటి కత్తులతోనే. రేకు కత్తి అయితే భయపడి దూరంగానైనా ఉంటారు. మొన సూదిగా కాకుండా గుండ్రంగా కోయండి. గమ్ము మాత్రం గదిలో కాదు, డాబా మీద రాయమను. ఆ వాసనకి తల తిరుగుతుంది.

మెరుపెలా వస్తుందంటావా? రొట్టెలు చుట్టుకునే అల్యూమినియం ఫాయిల్ ఉందిగా. ఫోమ్ మీద ఫెవికాల్ పల్చగా పూసి, ఫాయిల్ పరిచి, గరిటె కాదు, చెంచా వెనక వైపుతో మెల్లగా రుద్దు. ముడతలన్నీ అణిగి ఉక్కులా నిగనిగలాడుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో మధ్యలో నిలువుగా నొక్కి గీత లాగితే అచ్చం అసలు కత్తికుండే గాడి పడుతుంది. పైన సన్న సెల్లో టేపు వేస్తే చిరగదు. పదో వరసలో కూర్చున్నవాడికి ఇంకేం కావాలి?

ఇక పిడికి బంగారు రంగు. అటక మీద పాత ఎనామిల్ డబ్బా ఉందని ఆయన దింపుతారేమో, వద్దను. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు దాటకూడదన్న కట్టడి 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందు డబ్బాలో ఎంతుందో ఎవరు చూశారు? పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లోనే ఎక్కువ కలిపేవాళ్లు. మీ చిన్నదేమో చేతికందిందల్లా కొరికే రకం. బొమ్మలేసే పిల్లల యాక్రిలిక్ సీసా చాలు.

కర్రతో చేయిస్తేనో అంటావా? మా పుట్టిల్లు కొండపల్లి కదా, చిన్నప్పటి నుంచీ తెల్ల పొనికి చెక్క చూస్తూ పెరిగాను. గోరుతో నొక్కితే నొక్కు పడేంత మెత్తన, పట్టుకుంటే బరువే ఉండదు. బొమ్మల అతుకుల దగ్గర చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు పెడతారు. షోకేసులో పెట్టుకునే కత్తయితే పొనికిని మించింది లేదంటాను. పిడి చివర గుండు కావాలంటే ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర తరిణె పట్టి, లక్కలో చెట్ల రంగులు కలిపి ఎంత నున్నగా చేస్తారో! కానీ కొట్టుకునే పిల్లలకి కర్ర కర్రే వదినా, మెత్తదైనా నుదుట తగిలితే బొప్పి కడుతుంది.

ఆ హాల్లో గోడకి తగిలించిన స్టీలు కత్తి ఇస్తానన్నారా అన్నయ్యగారు? ఊరెళ్లి తెచ్చుకున్నారే, ఎర్ర వెల్వెట్ ఒరది! అది చూడ్డానికే. అలాంటివాటిలో చాలావాటికి పిడిలోపల అలుగు పూర్తిగా ఉండదు, సన్న చువ్వ ఒకటి వెల్డింగు చేసి నట్టు బిగిస్తారు. జోరుగా విసిరితే అలుగు ఊడి ముందు వరసలోకి పోతుంది. 9 అంగుళాల పొడవు దాటిన, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పున్న అలుగుల సంగతి ఆయుధాల నిబంధనల్లోనే ఉంది, వంటింటివీ పొలం పనివీ తప్ప. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్‌కి సమాధానం చెప్పేదెవరు?

ఫాయిల్ మా ఇంట్లో ఉంది, తీసుకెళ్లు. చిన్నదాన్ని ఓసారి ఇటు పంపు, కొలత చూస్తాను. నిలబెడితే కత్తి దాని నడుము దాటకూడదు. దాటిందంటే పట్టులంగాకి తట్టుకుని పడుతుంది, అప్పుడు రాణీగారిని మంత్రులు లేపాల్సొస్తుంది.