బుద్ధికిఁ బరీక్షయా? ధైర్యమునకా?

నేఁడు మన బాలికలనేకులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగములకుఁ బోవుచున్నారు. అచ్చటి పరీక్షలలో నొకటి విచిత్రమైనది. పరీక్షకుఁడు చూచుచుండఁగా తెల్లపలకపై నొక చిక్కుసమస్యను సాధించుచు, తమ యాలోచనను బైకిఁ జెప్పుచుండవలెను.

సమస్య నిచ్చుట తప్పని మేమనము. వేలకొలఁది పేర్లను వరుసపఱచుట, దగ్గఱత్రోవను వెదకుట మొదలగువానికిఁ దగిన క్రమమును అల్గారిథమ్ అందురు. అది తెలియుట మేలే.

మా యింట లెక్కలు నేర్చిన బాలిక యొకతె యిట్టి పరీక్షలో నోరు పెగలక తిరిగివచ్చి, తనకు బుద్ధి లేదని యేడ్చెను. ఆమె బుద్ధి మే మెఱుఁగుదుము.

2020వ సంవత్సరమున అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమువారును మైక్రోసాఫ్ట్ వారును 48 మంది విద్యార్థులను బరీక్షించిరి. కొందఱు పరీక్షకుని యెదుటను, కొందఱు ఏకాంతముగను సమస్యను సాధింపఁబూనిరి. ఎదుట నిలిచినవారి ఫలితము సగమునకుఁ బైగా తగ్గెను. వారిలోని స్త్రీలొక్కరును నెగ్గలేదు. ఏకాంతమున వ్రాసిన స్త్రీలందఱును నెగ్గిరి. ఆ స్త్రీల సంఖ్య స్వల్పమే. అయినను ఆలోచింపవలసిన విషయము.

పృచ్ఛకుల నడుమ అవధానము చేయుట గొప్పవిద్యయే. కాని అవధానము చేయనివాఁడు కవి కాఁడని యెవ్వరనిరి? ఉద్యోగమునఁ జేయవలసినది, ఇతరులు వ్రాసినదానిని జదివి, దోషమును వెదకి దిద్దుట. అట్టి పనినే యిచ్చి, కొంతసేపు ఒంటరిగా విడిచి, పిదపఁ బ్రశ్నించుట న్యాయము.

అంతవఱకు మనము చేయఁదగినది యొకటి గలదు. ఓడివచ్చిన బిడ్డతో “నీకు రాదు” అనక, నలుగురి యెదుట లెక్క చెప్పుటను ఇంటనే యభ్యసింపఁజేయుదము.