కనుమ నాడు కదిలే దరువు

‘కనుమ నాడు కాకి కూడా కదలదు’ అంటారు పెద్దలు. కోనసీమలో మాత్రం ఆ మాట చెల్లదు. ఆ రోజు అక్కడ సాక్షాత్తూ దేవుళ్లే గుళ్లు వదిలి పొలాలకు అడ్డంపడి బయల్దేరతారు! ఒకరా ఇద్దరా... ఏకంగా పదకొండు ఊళ్ల శివుళ్లు. వాళ్లందరూ కలుసుకునే చోటు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోట. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నదల్లా కొబ్బరిచెట్లూ, వాటి నీడా.

ఆ తీర్థానికి కొత్తగా వెళ్లినవాళ్లు తల పైకెత్తి ప్రభల్నే చూస్తారు. వెదురు, తాటి దూలాలతో కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, వరికంకులూ పూలదండలూ గంటలూ వేలాడదీసిన ప్రభ ఇంద్రధనుస్సును నిలబెట్టినట్టుంటుంది మరి. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు మాత్రం ముందు చెవులు రిక్కిస్తారు. వాళ్లకి ప్రభ కనపడేకంటే ముందు దరువు వినపడాలి. ‘అదిగో, మనోళ్లు వాయిస్తున్నారు’ అంటూ గారెల పళ్లెం పక్కన పెట్టి వీధిలోకి పరుగు తీయాలి!

మంట దగ్గర మొదలు

ఈ కచేరీకి వేదిక ఉండదు, టిక్కెట్టు ఉండదు. మొదలయ్యేది ప్రభ లేవకముందే, గుడి పక్క సందులో. సంక్రాంతి రోజుల్లో కోనసీమలో మంచు దట్టంగా కురుస్తుంది. ఆ చెమ్మకి డప్పు తోలు మెత్తబడి గొంతు పూడుకుపోతుంది. అందుకే ఎండుగడ్డో కొబ్బరిమట్టలో పోగేసి మంటవేస్తారు. చుట్టూ చేరి డప్పుల్ని సెగకి చూపిస్తూ, మధ్యమధ్య వేలితో మీటి చూస్తారు. ‘బొద్దు’మన్న తోలు ‘ఖంగు’మనేదాకా అదే పని. వీణకి బిరడాలు తిప్పడం లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ శ్రుతి చేసేది నిప్పు.

శ్రుతి కుదిరాక డప్పు ఎడమ భుజానికి చేరుతుంది. ఎడమచేతిలో సన్నని చిటికెనపుల్ల, కుడిచేతిలో పొట్టి చిర్ర. ఒకటి గలగలా మాట్లాడుతుంటే రెండోది గట్టిగా ఊఁ కొడుతుంది. అన్ని ఊళ్లలోనూ డప్పులే ఉండాలని లేదు. ఒకచోట మెడలో గిన్నెల్లా వేలాడే తాషాలు, డోళ్లు. ఇంకోచోట సన్నాయి, వీరణాలు. కొన్నిచోట్ల గరగలు వస్తాయి. అమ్మవారి రూపంగా కొలిచే ఘటాన్ని తలమీద నిలిపి, కాళ్లకి గజ్జెలు కట్టి ఆడే నాట్యమది. ఆటగాడు గిర్రున తిరిగినా గరగ తొణకదు. ఆ నిలకడ తలలో ఉందో వాద్యగాడి చేతిలో ఉందో చెప్పడం కష్టం.

వాయించేవాళ్లు పట్టుమని పది, పదిహేనుమంది. చూసేవాళ్లు వాళ్లకి రెండడుగుల దూరంలో. ఆ దూరంలో దరువు చెవికి వినపడదు, నేరుగా గుండెల్లో మోగుతుంది. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదట ఫోన్లు తీసి వీడియోలు పడతారు. కాసేపటికి ఫోను జేబులోకి వెళ్తుంది, కాలు కదులుతుంది. చంటిపిల్లలు చెవులు మూసుకుంటారు, కానీ తాతల భుజాలు దిగమంటే దిగరు!

భుజాలు కలిపేది అదే

‘అశ్శరభ... శరభ!’ అన్న కేకతో ప్రభ లేస్తుంది. దానికి చక్రాలు ఉండవు. పదులమంది భుజాల మీదే సాగాలి. ఒకడు తొందరపడి, ఇంకొకడు వెనకబడితే అంత ఎత్తు కట్టుబడి ఒరిగిపోతుంది. అరిచి చెబుదామంటే ఆ హోరులో వినపడదు. అందరికీ ఒకేసారి అందేది దరువొక్కటే. దాన్నిబట్టే అడుగులు పడతాయి. ప్రభలు పచ్చని వరిచేల మీదుగా వెళ్తాయి. చేను నలిగిందని రైతు బాధపడడు సరికదా... శివుడు తన పొలం తొక్కి వెళ్లాడని సంబరపడతాడు.

అసలు పరీక్ష కౌశిక దగ్గర. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఆ కాలువ నీళ్లలోకి దిగి అవతలికి చేరాలి. కాళ్ల కింద బురద, ఒంటి చుట్టూ నీళ్లు, భుజాల మీద దేవుడు. గట్లన్నీ జనంతో నిండిపోతాయి. ప్రభ ఒక్కసారి అటూ ఇటూ ఊగితే వేలమంది ఊపిరి బిగపడతారు. అప్పుడు గట్టుమీది మేళం వేగం పెంచుతుంది. అలసిన భుజాలకి అది హుషారు, దారి తప్పే కాళ్లకి అది లెక్క. ప్రభ అవతలి ఒడ్డెక్కాక లేచే కేకలో సగం మోసినవాళ్లకైతే సగం వాయించినవాళ్లకి.

తోటలోకి ఒక్కో ప్రభా తన మేళంతో వస్తుంది. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చేవాడు. వ్యాఘ్రేశ్వరుడు సభకి పెద్ద. ఆయన ప్రభ రాగానే మిగతా ప్రభల్ని ఒకసారి పైకెత్తి గౌరవిస్తారు. పాలగుమ్మి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పుల్లేటికుర్రు, పెదపూడి... ఎవరి ఊరి మేళం వాళ్లకి గొప్ప. పక్క ఊరివాళ్లు జోరు పెంచితే మనవాళ్లు ఊరుకుంటారా? జీళ్లు, ఖర్జూరం కొట్ల మధ్య నిలబడి కళ్లు మూసుకుంటే చాలు, ఏ దిక్కున ఏ ఊరుందో చెప్పేసే పెద్దలున్నారు.

చప్పుడు పెరిగింది కానీ...

2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. కోనసీమ ప్రభ దేశమంతా కనపడింది. ప్రభకి దక్కిన ఆ పేరు ముందు నడిచే చేతులకీ దక్కిందా అంటే మాత్రం జవాబు తడుముకోవాలి.

డప్పు తరతరాలుగా దళితవాడల వాద్యం. చావుకీ జాతరకీ అదే కావాలి. వాయించినవాడికి మాత్రం ఒకప్పుడు అరుగు మీద చోటుండేది కాదు. ఆ చేదు తెలిసిన తండ్రి, కొడుకు చేతిలో చిర్ర కంటే పుస్తకం ఉండాలనుకోవడంలో తప్పేముంది? మరోపక్క ఊరేగింపుల్లోకి డీజే బండ్లు వచ్చాయి. మంటతో పనిలేని ఫైబరు డప్పులూ వచ్చాయి. చప్పుడు పెరిగింది. కానీ మోసేవాడి అడుగు తడబడితే డీజే బండి చూసి ఆగదు. ఎదురుగా ఉన్న మనిషి ఆగుతాడు, దరువు తగ్గిస్తాడు, మళ్లీ అందుకుంటాడు. తేడా అక్కడే ఉంది.

రాష్ట్రంలో డప్పు కళాకారులకు ప్రభుత్వ పింఛను ఉంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. వయసు మళ్లినవారికి అది ఆసరా. వాయించే వయసులో ఉన్నవారికి కావాల్సింది మంచి ప్రతిఫలం, అంతకుమించి మర్యాద. కేరళలో త్రిసూర్ పూరం నాడు ఇలంజితర మేళం వినడానికి జనం గంటలకొద్దీ నిలబడతారు. అక్కడ వందలమంది వాద్యగాళ్లే ఉత్సవం. మన దగ్గర ఆ మేళం ప్రభ వెనకాల చప్పుడుగానే మిగిలిపోతోంది.

చూడాలంటే...

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా కోనసీమలోకి బస్సులున్నాయి. జగ్గన్నతోటకి అమలాపురం, అంబాజీపేట దగ్గర. సంక్రాంతి నాడే కొత్తపేటలోనూ ప్రభల ఉత్సవం ఉంటుంది. కనుమకి కుదరకపోతే దసరాకి అమలాపురం వెళ్లొచ్చు. 1856లో కొంకాపల్లిలో మొదలైందని చెప్పే చెడీ తాలింఖానాలో కర్రలూ కత్తులూ తిరిగేదీ దరువు మీదే.

వెళ్లినవాళ్లు తిన్నగా తోటకి పోకుండా, ఆ ఉదయం ఏదో ఒక ఊళ్లో ప్రభ లేచేచోట ఆగాలి. మంట చుట్టూ డప్పులు కాగుతున్న సందులోకి తొంగిచూడాలి. ప్రభ అందం ఎంత దూరానికైనా కనపడుతుంది. దాన్ని నడిపించే దరువు దగ్గరికి మాత్రం మనమే నడిచి వెళ్లాలి.